అచ్చుకు ముందు

తెఓడోర్ బ్యాంకులో పనిచేస్తాడు, కాబట్టి
అడగాల్సింది అడిగాడు:
"లేని బొమ్మని అమ్మడం
వ్యాపారమా, వేడికోలా?"
జాద్విగ తల ఎత్తలేదు.
కదుళ్ళ జడల ఆడమనిషి చెంప మీద
ఆమె వేలు ఉంది అప్పుడు,
మట్టి ఇంకా తడి.

వూచ్ నగరంలో మా వంటగది
పాత నూలుమిల్లు మూడో అంతస్తు.
మగ్గాలు పోయాయి, గోడల్లో నూనె వాసన పోలేదు.
ఆ వాసనలోంచే ఏడుగురిని తీసింది జాద్విగ,
కండెల బుట్ట మోసే ఒంటికాలి పిల్లాణ్ణి,
శాలువా కప్పుకున్న చిమ్మెటని.
ఒక్కొక్కరూ జానెడు ఎత్తు.

క్రౌడ్‌ఫండింగ్ అన్నారు. చందా అనుకున్నాను.
చందా అయితే రసీదుతో తీరుతుంది,
అప్పు అయితే వడ్డీతో.
ఇది బయానా,
చూలు నిలవకముందే
ఉయ్యాలకి పుచ్చుకున్న బయానా.

ముప్పై రోజుల గడువు, నలభై వేల జ్లోటీలు.
తొమ్మిదో రాత్రికే అంకె దాటింది.
పెరూలో ఎవరో మేలుకుని ఉన్నారు,
బెర్గెన్‌లో ఒక పడవల మెకానిక్.
మా మెట్లెన్నో వాళ్ళకి తెలియదు,
లిఫ్టు పనిచెయ్యదనీ తెలియదు.
ఆరువందల పన్నెండు మంది!
జాద్విగ సింకు పక్కన చతికిలబడి ఏడ్చింది,
నేను పంచదార డబ్బా మీద దరువేశాను.

ఆ ఊపులో నోరు జారాం:
అరవై వేలు దాటితే
అందరికీ ఒక మిల్లు పిల్లి, ఉచితం.

దాటింది.

పిల్లిని చంకన పెట్టుకుని
పెళ్ళికి బయల్దేరిన వాళ్ళం అయ్యాం.
ఉక్కు దిమ్మకి ఉచితమంటే తెలియదు,
వేలెడు పిల్లికీ జానెడు మనిషికీ
ఇంచుమించు ఒకే కూలి అడుగుతుంది.
గ్వాంగ్‌డాంగ్ నుంచి రంగు నమూనా వచ్చింది,
కదుళ్ళమనిషికి కామెర్లు.
తిప్పి పంపాం. మళ్ళీ కామెర్లే.
ఓడ కిరాయి పెరిగింది.
పన్ను సంగతి నేను మర్చిపోయాను.
అవును, నేనే. లెక్కలు చూస్తానన్నదీ నేనే.

పద్నాలుగు నెలలు.
ఉత్తరాలు మొదట "ఎలా ఉన్నారు" అనేవి,
తర్వాత "ఎప్పుడు",
ఆ తర్వాత ఒట్టి ప్రశ్నార్థకం.
ఒకాయన ప్రతి ఒకటో తారీఖున
"దొంగలు" అని పంపేవాడు,
అద్దె కట్టినంత క్రమంగా.
ఆయనది తప్పని ఎలా అనను?
ఆయన డబ్బు ఎక్కడో ఉక్కైపోయింది,
నా దగ్గర దాని ఫోటో ఉంది.

నవంబరులో ఒక ముసలామె మెట్లెక్కి వచ్చింది.
వియెస్వావా. జాబితాలో అట్టడుగున,
పది జ్లోటీలు, బొమ్మ రాదు,
పెట్టె అడుగున పేరు మాత్రం వస్తుంది.
ఆయాసం తీరాక
మైనపు నమూనా చేతిలోకి తీసుకుని
కళ్ళద్దాలు నుదుటికి నెట్టి చూసింది.
"బొటనవేలు తప్పు.
తెగిన పోగు ముడేసే వేలు ఇలా నిలబడదమ్మా.
ఇరవై ఆరేళ్ళు ముడేశాను."
చెయ్యి చాపింది. ఆ వేలు
అరచేతి లోపలికి వంగిపోయి ఉంది,
ఇక తిన్నగా రాదు.

ఆ ఒక్క అచ్చే ఇంకా కొయ్యలేదు,
డబ్బు చాలక.

మరో రెండు నెలలు.
ఆరువందల పన్నెండు మందికీ వేలి సంగతి రాశాం.
నలభై మంది డబ్బు వెనక్కి అడిగారు.
నా సైకిల్ అమ్మి, ఆమె కొలిమి అమ్మి ఇచ్చాం.
దొంగలని పంపే ఆయన
ఆ నెల ఏమీ పంపలేదు.

పెట్టెలన్నీ వెళ్ళిపోయాక తెఓడోర్ మళ్ళీ వచ్చాడు.
మిగిలింది రెండువందల పదకొండు జ్లోటీలు,
చెవి విరిగిన పిల్లులు యాభై మూడు.
"ఇంకొకరికి చెప్తావా, ఈ దారి మంచిదని?"
నీ బ్యాంకు వేలు తప్పని చెప్పేది కాదు, అన్నాను.
చెప్పినా, దిద్దడానికి అంత ఖర్చు పెట్టనిచ్చేదీ కాదు.
అదే మంచిదేమో కూడా, ఏమో.

కిటికీ గట్టు మీది పిల్లిని తీసుకుని
ఎంత, అన్నాడు.
చేతిలో ఉన్నదానికి ధర చెప్పడం
మాకు కొత్త.
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.